దిగేవాళ్ళ గుర్తులు

అది కాదు సార్, ఆ మెట్లు కట్టేటప్పుడు నన్నొక్క మాట అడిగారా ఎవరైనా? ఇరవై రెండేళ్ళుగా ఈ కొండ మీద కాపురం ఉన్నదాన్ని. ఎక్కడ రాయి వదులుగా ఉందో, ఎక్కడ వానకి మట్టి జారుతుందో నన్నడిగితే చెప్పనూ? అబ్బే! వంతెన దగ్గర్నించి పైన ఊరంతా కనపడే టవర్ దాకా సిమెంటు మెట్లు పోశారు, రిబ్బను కత్తిరించారు, ఫొటోలు దిగారు, పోయారు. ఇప్పుడు అడవిదారిలో ఎవరో పడ్డారనేసరికి, వాచ్‌మన్ ఏం చేస్తోందీ అంటూ ఫైలు చంకన పెట్టుకుని వచ్చారు.

మిమ్మల్ని కాదులెండి అనేది. మీరేదో కుర్రవాళ్ళు, పంపితే వచ్చారు.

ముందు కూర్చోండి. ఆ బెంచీ మీద కాదు, దానికి ఒక కాలు పొట్టి. ఇదిగో, ఈ కుర్చీ. అయ్యయ్యో, చొక్కా అంతా తడిసిపోయిందే! ఏసీ గదుల్లో కూర్చునేవాళ్ళకి సగం కొండ ఎక్కేసరికి ఇంతే. నీళ్ళు తాగండి. నిదానంగా తాగండి, ఎక్కడికీ పోవు.

రాసుకుంటారా? రాసుకోండి. ఉద్యోగం: వాచ్‌మన్. ఆడమనిషినైనా కాగితాల మీద వాచ్‌మనే. మా ఆయన ఉద్యోగం ఇది. ఆయన పోయాక నాకిచ్చారు, ఈ రెండు గదుల ఇల్లుతో సహా. ఆరేళ్ళయింది. పిల్లల్లేరు. ఎవరూ లేరు. ఉన్నది ఒక చెల్లెలు, ఊళ్ళో ఉంటుంది. అది కూడా రాస్తున్నారా? రాయండి, పోయేదేముంది.

నా పనా? పొద్దున్నే దారుల మీద ఆకులు ఊడుస్తాను. మరుగుదొడ్ల తాళాలు తీస్తాను. ఎండాకాలం ఎక్కడైనా పొగ లేస్తే ఫోన్ చేస్తాను. ఆదివారం సాయంత్రానికి మూడు గోతాల ఖాళీ సీసాలు ఏరుతాను. ఆదివారం వస్తే ఊరు ఊరంతా ఇక్కడే కదా. కింద నదిలో బోట్లు తొక్కేవాళ్ళు, కుక్కల్ని తిప్పేవాళ్ళు, పొట్ట తగ్గాలని పరిగెత్తేవాళ్ళు. తగ్గిన పొట్ట ఇంతవరకూ ఒక్కటీ చూళ్ళేదు నేను. ఇక చెట్ల మీద పేర్లు చెక్కే ప్రేమికులు. ఒక మహానుభావుడు మూడేళ్ళలో ముగ్గురమ్మాయిల పేర్లు చెక్కాడు సార్, ఒకే చెట్టు మీద! తన పేరు మళ్ళీ చెక్కే శ్రమ కూడా పడలేదు, పాతదే వాడుకున్నాడు.

సరే సరే, విషయానికొస్తాను. మొన్న ఆదివారం సంగతేగా.

నాకు తెలిసింది చెప్తాను. ఆ పెద్దాయన్ని నేను గొడుగాయన అంటాను. ఎండైనా వానైనా చేతిలో నల్ల గొడుగు. టైపు మిషన్లు బాగుచేసేవారట ఒకప్పుడు. ప్రతి ఆదివారం మూడింటికల్లా వస్తారు, నా ఇంటి ముందు కాసేపు కూర్చుంటారు, దిగిపోతారు. మొన్నా అలాగే వచ్చారు, నాలుగున్నరకి లేచారు. చీకటి పడేవేళ బోట్లు కట్టేస్తూ ఆ బోట్లవాళ్ళు చూశారు, నీళ్ళ పక్కన రాళ్ళలో పడున్నారని. తుంటి ఎముక విరిగింది. రెండు గంటల పైనే అలా పడున్నారు పాపం.

కేకలా? లేదండీ, నాకేం వినపడలేదు.

ఇందులో నాకు అర్థం కానిది ఒక్కటే. చెట్లకి గుర్తులేసే ఆ పెయింటర్‌ని, నేను తమ్ముడూ అని పిలిచే మనిషిని, ఉద్యోగంలోంచి ఎందుకు ఆపేశారు? ఉత్తపుణ్యానికి! అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు, ఎవరో పడితే అతన్ని తీసేయడమేంటి? నోట్లో నాలుక లేని మనిషి. ఇంకో మూడేళ్ళు గడిస్తే పింఛను తీసుకుని ఇంట్లో కూర్చుంటాడు. 'దారి చీలే చోట గుర్తులు నేను ఎడమవైపే వేశాను' అని మొత్తుకున్నాడట కదా మీ ఆఫీసులో. ఎవరూ నమ్మలేదట కదా.

గుర్తులంటే మీకు తెలుసా అసలు? ఫైల్లో ఉంటుందిలెండి. అడవిదారిలో చెట్లకి నీలం రంగు చారలుంటాయి, అరచెయ్యంత. మనిషి కంటికి ఎదురుగా, ముప్ఫై అడుగులకొకటి. వాటిని చూసుకుంటూ నడిస్తే కొత్తవాడైనా టవర్ చేరతాడు. వానలకి బెరడు ఊడుతుంది, రంగు పోతుంది. అందుకని ఏటా వానలు వెళ్ళగానే తమ్ముడు వచ్చి రెండురోజుల్లో అన్నీ మళ్ళీ వేస్తాడు. డబ్బా నేను పట్టుకుంటాను, బ్రష్షు తను పడతాడు. మధ్యాహ్నం ఇక్కడే తింటాడు. 'అక్కా, నీ చేతి అన్నం కోసమే ఈ కొండెక్కుతాను' అంటాడు. అబద్ధమేలెండి, అయినా వినడానికి బాగుంటుంది.

ఎంత పద్ధతైన మనిషో! ఒక చార వేస్తాడా, పదడుగులు వెనక్కెళ్ళి కనపడుతోందా లేదా అని చూస్తాడు. అదే చెట్టుకి రెండోవైపు ఇంకో చార వేస్తాడు. ఎక్కేవాళ్ళకి ఒకటి, దిగేవాళ్ళకి ఒకటి. 'ఎక్కేటప్పుడు కనపడిన దారి దిగేటప్పుడు కనపడదక్కా, అది వేరే అడవి' అంటాడు. అంత తెలిసినవాడు, దారి రెండుగా చీలే ఆ చీలినబండ దగ్గర, కుడివైపు తప్పుదారికి గుర్తు వేస్తాడా? వేసినా ఒకవైపే వేసి ఊరుకుంటాడా? ఆ బ్రష్షు పట్టు చూస్తేనే తెలుస్తుంది సార్, అది అతని చెయ్యి కాదని. అతని చారకి అంచులు కోసినట్టుంటాయి. ఇవి కారిపోయి ఉన్నాయి, ఎవరో భయం భయంగా...

ఏంటి సార్ అలా చూస్తున్నారు?

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నానా? ఆఁ. తడుముకున్నాను. నాకు దాపరికాలు చేతకావు. మా ఆయన అనేవాడు, 'నువ్వు దొంగతనానికి వెళ్తే తలుపు కొట్టి మరీ వెళ్తావే' అని.

నేనే వేశాను సార్. చీలినబండ దగ్గర్నించి ఇక్కడిదాకా పద్నాలుగు చెట్లు. అతను మిగిలిన రంగు డబ్బా మోసుకెళ్ళడం ఎందుకని ఈ మూలే పెట్టి వెళ్తాడు. అతను దిగిన మూడోనాడే వేశాను. ఎడమవైపు ఉన్న మొదటి రెండు చారలు కూరగాయల కత్తితో గీకేసి, మట్టి పూశాను. ఇప్పుడు రాసుకోండి, పెద్ద అక్షరాలతో.

ఎందుకా? ఎందుకంటే ఏం చెప్పను...

మెట్లు రాకముందు ఎలా ఉండేదో తెలుసా ఇక్కడ? టవర్‌కి పోవాలంటే నా గుమ్మం ముందు నించే పోవాలి. ఉన్నది అదొక్కటే దారి. రోజూ యాభైమంది, ఆదివారం మూడొందలు. నీళ్ళిమ్మని, చెప్పు తెగింది సూదీ దారం ఉందా అని, పాప ఏడుస్తోంది కాసేపు పడుకోబెట్టనా అని. నాకు విసుగొచ్చేది సార్! 'ఛీ, ఒక్కపూట నన్ను నా మానాన వదలరు కదా' అని మా ఆయన మీద ఎగిరేదాన్ని. నా నోటి దూల. తగిన శాస్తే జరిగింది.

మెట్లేశారు. అడవిదారిని చీలినబండ దగ్గర ఎడమ పక్కకి తిప్పారు. జనం అటు పోయారు. ఆయన ముందే పోయాడు. అంతే, కాకి వాలడం మానేసింది. పైన టవర్ మీద నవ్వులు వినపడతాయి, కింద నది దగ్గర పాటలు వినపడతాయి. మధ్యలో నేను. ఎవరి నవ్వో ఏమో, దేనికో ఏమో.

మా చెల్లెలు ఫోన్ చేస్తుంది, చెయ్యదని కాదు. పొయ్యి మీద ఏదో పెట్టి చేస్తుంది. రెండు మాటలయ్యేసరికి 'ఉంటానక్కా, మాడిపోతోంది' అంటుంది. వాళ్ళింట్లో మాడని రోజు లేదు సార్. ఏం తింటారో ఏమో ఆ సంసారం.

ఒకసారి పదకొండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. లెక్కపెట్టాలని పెట్టలేదు, పన్నెండోనాడు నీళ్ళ ట్యాంకు చూడ్డానికి మనిషొస్తే తెలిసింది. 'రా బాబూ' అందామని నోరు తెరిచాను. గొంతు రాలేదు. బొంగురుగా ఏదో శబ్దం వచ్చింది. అతను జడుసుకున్నాడు. నేను ఇంకా ఎక్కువ జడుసుకున్నాను. ఆ రోజంతా చీపురుతో మాట్లాడాను, గొంతు ఉందా లేదా అని.

నవ్వండి, ఫర్వాలేదు. నేనూ నవ్వుకున్నాను తర్వాత.

అప్పుడొచ్చింది సార్ ఆ బుద్ధి. నాకు తెలుసు కదా, జనం దారి చూడరు, గుర్తు చూస్తారు. నీలం చార ఎటుంటే అటు తలొంచుకుని పోతారు, గొర్రెలమంద లాగా. చార అంటే నమ్మకం. చదువుకున్నవాళ్ళకి మరీను.

మొదటి ఆదివారం వచ్చింది. ఇల్లు ఊడ్చి, మంచి చీర కట్టుకుని, ఏమీ ఎరగనట్టు గుమ్మంలో కూర్చున్నాను. పదకొండింటికి మొగుడూ పెళ్ళాం వచ్చారు, పోట్లాడుకుంటూ. 'ఇది దారి కాదని చెప్పానా' అని ఆవిడ, 'గుర్తు కనపడ్డం లేదా నీకు' అని ఆయన. నన్ను చూసి ఇద్దరూ ఒకేసారి, 'అమ్మా, టవర్‌కి ఇదేనా దారి?' అన్నారు. 'ఇదే తల్లీ, ఇదే' అన్నాను. అబద్ధం కాదు సార్! నా ఇంటి వెనక నించి టవర్‌కి ఎక్కుడుదారి ఉంది, కాస్త నిటారు అంతే. నీళ్ళు తాగారు. వాళ్ళ పోట్లాటకి కారణం అడిగి తెలుసుకున్నాను. ఆయనదే తప్పు. ఆ మాటే చెప్పాను. ఆవిడ వెళ్తూ వెళ్తూ నా చెయ్యి పట్టుకుని ఊపింది.

ఆ రాత్రి ఎంత బాగా నిద్ర పట్టిందో! దొంగపని చేసినవాళ్ళకి నిద్ర పట్టదంటారు. అదంతా ఉత్తిదే.

గొడుగాయన కూడా అలాగే వచ్చారు, ఆ నెలలోనే. ఆయనకి టవర్ అక్కర్లేదు, మోకాళ్ళు ఒప్పుకోవు. ఇక్కడిదాకా వచ్చి, కూర్చుని, నేనిచ్చిన టీ తాగి, వచ్చిన దారినే దిగిపోయేవారు. ఏం మాట్లాడేవారని? ఏమీ లేదు. టైపు మిషన్‌లో ఏ అక్షరం ముందు అరుగుతుందో చెప్పేవారు. ఈవారం ఏ చెట్టు పూసిందో నేను చెప్పేదాన్ని. కానీ నన్ను 'వాచ్‌మన్‌గారూ' అనేవారు సార్. ఇరవై రెండేళ్ళలో ఈ కొండ మీద నాకు 'గారు' తగిలించిన మనిషి ఆయనొక్కరే. మా ఆయన కూడా అనలేదు. ఎందుకంటాడు?

ఎనిమిది నెలలు. ఒక్క ఆదివారం మానలేదు.

అవును, మీరడిగేది నాకు అర్థమైంది. దిగేవాళ్ళ గుర్తులు. ఆ పద్నాలుగు చెట్లకీ ఒకవైపే ఉన్నాయి, రెండోవైపు లేవు. ఇక్కడ నించి దిగేటప్పుడు ఒక్క చారా కనపడదు. మధ్యలో రెండుచోట్ల దారి చీలుతుంది. ఒకటి చీలినబండకి పోతుంది. ఇంకొకటి చూడ్డానికి అలాగే ఉంటుంది, కానీ నది ఒడ్డుకి పోయి నిటారుగా తెగిపోతుంది. అక్కడే పడ్డారు.

మర్చిపోయాను సార్. రంగు వేసే అలవాటు నాకెక్కడిది? వచ్చేవాళ్ళ మీద ధ్యాసలో పోయేవాళ్ళ సంగతి తోచలేదు. తొందర, భయం. మర్చిపోయాను.

మర్చిపోయిందని రాశారా?

కొట్టెయ్యండి.

కొట్టెయ్యండి బాబూ, నా తమ్ముడి లాంటివాడి కూడు పోతుంటే ఇంకా నీళ్ళు నమలడమేంటి నేను? మొదటివారం మర్చిపోయాను, అది నిజం. రెండోవారం ఇద్దరు కాలేజీ అమ్మాయిలు ఇక్కణ్ణించి దిగి, పది నిమిషాలకి వెనక్కొచ్చారు. 'ఆంటీ, దారి తెలీడం లేదు' అన్నారు. మళ్ళీ కూర్చున్నారు. మళ్ళీ నీళ్ళు తాగారు. ఒకమ్మాయి నా చేత జడ అల్లించుకుంది. అప్పుడు గుర్తొచ్చింది, అవతలివైపు చారలు లేవు కదా అని. డబ్బాలో రంగు ఉంది. బ్రష్షు ఉంది. ఒక్క పూట పని.

వెయ్యలేదు సార్. వేస్తే వెనక్కి రారు కదా.

అంతకుముందు వచ్చినవాళ్ళు ఒక్కసారే వచ్చేవాళ్ళు. ఇప్పుడు రెండుసార్లు. రెండోసారి వచ్చినప్పుడు ఇంకా బాగుంటుంది. మొహమాటం పోతుంది, తెలిసినవాళ్ళలా మాట్లాడతారు. నేను చీలిక దాకా వెంట వెళ్ళి చూపించేదాన్ని. ఎవరినీ అలా వదిలెయ్యలేదు సార్, నమ్మండి! ప్రతివాళ్ళూ వెనక్కొస్తారనే అనుకున్నాను. దారి తెలియకపోతే ఎవరైనా అడుగుతారు కదా.

గొడుగాయన కూడా వచ్చేవారు. ప్రతి ఆదివారం దిగడం, పది నిమిషాల్లో గొడుగు ఊపుకుంటూ వెనక్కి రావడం. 'మళ్ళీ తప్పానండీ వాచ్‌మన్‌గారూ.' నేను వెంట వెళ్ళడం. ఆయనకి నిజంగానే దారి తెలీదో, నా లాగే వంక కావాలో, అది నాకు తెలీదు. అడగలేదు. అడిగితే పాడవుతుంది.

కానీ నోరుంది చూశారూ, అది ఊరుకోదు. పోయిన ఆదివారం కాదు, అంతకుముందు ఆదివారం. కాలేజీ పిల్లలు ఓ ఎనిమిదిమంది కూర్చుని ఉన్నారు. ఇల్లంతా సందడి. నాకు పట్టపగ్గాల్లేవు. అప్పుడు ఈయన వెనక్కొచ్చారు. అందరి ముందూ అన్నాను, 'ఏవండీ, ముప్ఫైసార్లు నడిచిన దారి కూడా గుర్తుండదా మీకు? ఈసారి నడుముకి తాడు కట్టి దింపుతాను' అని. పిల్లలు విరగబడి నవ్వారు. ఆయనా నవ్వారు. కానీ చెవులు ఎర్రబడ్డాయి. ఆ రోజు నన్ను వెంట రానివ్వలేదు, 'వెళ్ళగలనులెండి' అన్నారు. పిల్లలే దింపారు.

మొన్న వచ్చారు. మామూలుగానే ఉన్నారు. టీ తాగారు. లేచి వెళ్ళారు. వెనక్కి రాలేదు. అభిమానపడ్డారు. నవ్వులపాలు చేస్తే ఎవరు మాత్రం మళ్ళీ అడుగుతారు?

ఇదంతా రాశారు కదా. పెయింటర్‌ది ఏ తప్పూ లేదని కూడా రాయండి. రేపే పనిలోకి పిలుస్తారు కదా? మీ నోటితో ఒకసారి అనండి. సరే. ఈ ఇల్లు ఖాళీ చెయ్యాలి కదా నేను? నాకు తెలుసు. ఎక్కడికంటే ఎక్కడికి, మా చెల్లెలింటికి. మాడే గిన్నెలకి ఒక మనిషి కాపలా ఉంటుంది వాళ్ళకి.

ఆగండి. పెన్ను మూసెయ్యకండి.

ఇందాక మీరు అడిగారు, కేకలేమైనా వినపడ్డాయా అని. లేదన్నాను.

వినపడింది సార్.

ఆయన వెళ్ళి పావుగంటైంది. కింద నించి పిలిచారు, 'వాచ్‌మన్‌గారూ' అని. ఇంకోసారి. మళ్ళీ ఇంకోసారి. గొంతులో ఏదో తేడా ఉంది. ఉందని ఇప్పుడంటున్నానేమో, అప్పుడు మాత్రం నాకు నవ్వొచ్చింది. దారి తప్పారు, పైకొచ్చి అడగడానికి మొహం చెల్లక అక్కణ్ణించే కేకలేస్తున్నారు అనుకున్నాను. రెండొందల అడుగులు కూడా ఉండదు. గబగబా దిగితే మూడు నిమిషాలు.

దిగొచ్చు. దిగితే ఏమవుతుంది? దారి చూపిస్తాను, ఆయన వెళ్ళిపోతారు, మళ్ళీ ఆదివారం దాకా ఇల్లు ఇల్లులాగే ఉంటుంది. అదే ఆయన పైకొస్తే? కోపం పోయిందని అర్థం. కూర్చుంటారు. పిలవనీ, పిలిచి పిలిచి ఆయనే వస్తారు అనుకున్నాను. వచ్చేసరికి వేడివేడిగా ఉంటుందని స్టవ్ వెలిగించి, రెండు గ్లాసులు కడిగి పెట్టాను.

నీళ్ళు మరిగేదాకా పిలుస్తూనే ఉన్నారు సార్. తర్వాత ఆపేశారు. దారి దొరికిందేమోలే అనుకున్నాను. మనసుకి కాస్త కష్టంగానే అనిపించింది, చెప్పకుండా వెళ్ళిపోయారే అని.

టీ అప్పటికే వడపోసేశాను. పారబొయ్యడం ఎందుకని రెండు గ్లాసులూ నేనే తాగాను.